క్యాంపస్ సిటీలో ఉంటే మంచిదా, ఊరి బయట ఉంటే మంచిదా? చదివినవాళ్లు చెప్పండి

కొత్త_అడ్మిషన్:
ఒకే కోర్సుకి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది. ఒకటి సిటీ నడిబొడ్డున ఉంది, హాస్టల్ లేదు, రూమ్ మనమే చూసుకోవాలి. రెండోది ఊరికి బాగా దూరం, హాస్టల్ లోపలే. ఇంట్లో అందరూ ర్యాంకులు పోల్చి చూస్తున్నారు, నాకు మాత్రం రోజూ ఎలా గడుస్తుందన్నదే టెన్షన్. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చివరి_బస్సు:
నాది ఊరి బయట క్యాంపస్. హాస్టల్ దొరక్క మూడేళ్లు సిటీ నుంచే తిరిగాను, పోను గంటంబావు, రాను గంటంబావు. అలసట సంగతి అలా ఉంచండి, అసలు పోయినవి సాయంత్రాలు. చివరి బస్సు ఎనిమిదిన్నరకి, కాబట్టి ఏడున్నర నుంచే చూపంతా గడియారం మీద. సెమినార్ అయ్యాక ప్రొఫెసర్ చుట్టూ నలుగురు చేరి మాట్లాడుకునే ఆ పావుగంటలోనే ప్రాజెక్టులు కుదిరేవి, నేను అప్పటికే బస్టాప్‌లో ఉండేవాడిని. క్లాసు ఒక్కటీ మానలేదు, అయినా సగం చదువు నాకు అందలేదనే అనిపిస్తుంది.

హాస్టల్_214:
నేను అలాంటి క్యాంపస్‌లోనే లోపల ఉన్నాను, నా అనుభవం పూర్తిగా వేరు. లైబ్రరీకి నాలుగు నిమిషాల నడక. అర్ధరాత్రి లెక్క తెగకపోతే పక్క గది తలుపు కొట్టేదాన్ని, ఎవరో ఒకరు మేలుకునే ఉండేవారు. ఇబ్బందల్లా చిన్న చిన్న అవసరాల దగ్గరే. ఒకసారి పరీక్షల ముందు కళ్లజోడు స్క్రూ ఊడిపోయింది. బాగుచేసే షాపు ఊళ్లో ఉంది, ఊళ్లోకి బండి ఆదివారమే. ఆరు రోజులు కాడకి నల్లదారం చుట్టి, తల వంచితే జారిపోతుందని పుస్తకాన్ని మొహానికి ఎత్తి పట్టుకుని చదివాను. ఇంకోటి, ఎవరితోనైనా మాట పడితే తప్పుకునే చోటు ఉండదు. మెస్‌లో వాళ్లే, క్లాసులో వాళ్లే, మెట్ల మీద వాళ్లే.

మెట్రో_పాస్:
సిటీ మధ్యలో చదివాను. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ఇంటర్న్‌షిప్, మళ్లీ సాయంత్రం క్లాసు, ఇది ఊరి బయట ఉంటే కుదిరే పని కాదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: కాలేజీ నడిబొడ్డున ఉన్నంత మాత్రాన మీరు నడిబొడ్డున ఉండరు. దగ్గర్లో అద్దెలు భరించలేక నేను ఊరి చివర రూమ్ తీసుకున్నాను. క్లాసవగానే అందరం తలో దిక్కు, ఫ్రెండ్స్ అనదగ్గవాళ్లు దొరకడానికి ఏడాది పట్టింది.

చివరి_బస్సు:
అందుకేనేమో కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ విద్యార్థులు టర్మ్ రోజుల్లో గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి నుంచి 3 మైళ్ల లోపలే ఉండాలని రూలు పెట్టారు. 3 మైళ్లంటే 5 కిలోమీటర్లు కూడా కాదు. నాకు అలాంటి రూలు, దానితోపాటు ఒక గదీ ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

నీలి_మధ్యాహ్నం:
దూరమొక్కటే చూడకండి, వాతావరణం కూడా చూడండి. నేను ఒక సెమిస్టర్ నార్వేలోని ట్రోమ్సోలో ఉన్నాను. ఆర్కిటిక్ వృత్తానికి పైన ఉండే ఊరు, నవంబర్ చివరి నుంచి జనవరి సగం దాకా సూర్యుడు కనబడడు, మధ్యాహ్నం కాసేపు ఆకాశం నీలంగా వెలుగుతుంది, అంతే. క్లాసుకి వెళ్లినా వెళ్లకపోయినా బయట ఒకేలా ఉండేసరికి నిద్ర మొత్తం తారుమారైంది. పొద్దున్నే ఎవరితోనైనా కలిసి నడవాలని పెట్టుకున్నాకే కాస్త గాడిలో పడ్డాను.

హాస్టల్_214:
కొత్త_అడ్మిషన్ గారూ, హాస్టల్ చివరిదాకా ఇస్తారో, మొదటి ఏడాదికేనో ముందు కనుక్కోండి. చాలాచోట్ల సీనియర్లని బయటికి పంపేస్తారు.

కొత్త_అడ్మిషన్:
ఇప్పుడే ఫోన్ చేశాను. మొదటి ఏడాదికేనట. చివరి_బస్సు గారూ, మీకు గేటు దగ్గర్లో రూమే దొరకలేదా?

చివరి_బస్సు:
గేటు దగ్గర అసలు ఇళ్లే లేవండి. మీరు ఒకసారి సాయంత్రం ఏడింటికి అక్కడికి వెళ్లి, బస్సులోనే తిరిగి వచ్చి చూడండి.