త్రెడింగ్ అయిన మర్నాడు పొక్కులు: మీరేం చేస్తున్నారు?

సీతాకోకచిలుక
నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల వచ్చే అండాశయాల సమస్య) ఉన్నందువల్ల పై పెదవి మీదా గడ్డం కిందా వెంట్రుకలు దట్టంగా వస్తాయి, అందుకని మూడు వారాలకొకసారి త్రెడింగ్ (దారంతో వెంట్రుకలు లాగించడం) చేయించుకుంటాను. ఆ గంటసేపు ఎర్రబడి మండటం ఎప్పుడూ ఉన్నదే. అయితే ఈ ఆరు నెలలుగా మర్నాటికల్లా ఆవగింజంత తెల్లటి పొక్కులు లేస్తున్నాయి, అవి మానిన చోట గోధుమరంగు మచ్చలు మిగులుతున్నాయి. పార్లర్‌లో పని పూర్తికాగానే పౌడరు అద్ది పంపిస్తారు. ఇంటికి వచ్చాక పెరట్లోని కలబంద మట్ట కోసి రాసుకుంటున్నాను. రాసిన కాసేపటికి దురద మొదలవుతోంది. వచ్చే నెలలో మా ఆడపడుచు పెళ్లి ఉంది కాబట్టి మీ అనుభవాలు చెప్పగలరు.

మల్లెచెండు
ముందు ఆ పౌడరు వద్దని చెప్పండి. వెంట్రుకను కుదురుతో లాగిన చోట చర్మం పచ్చిగా ఉంటుంది, అక్కడ పౌడరు, సెంటు కలిసినవేవీ పడవు. నేను మెత్తటి నూలుగుడ్డను చన్నీళ్లలో ముంచి పిండి, పది నిమిషాలు ఆనించి ఉంచుతాను. సాయంత్రంలోగా మూడుసార్లు అలా చేస్తే ఎరుపు దిగిపోతుంది. ఐసుముక్కను నేరుగా రుద్దకండి, నేను ఒకసారి రుద్ది రెండు రోజులు తిమ్మిరితో బాధపడ్డాను. ఇక మీ దురదకు కలబంద మట్టలోని సొనే కారణమని నా అనుమానం: మట్ట కోయగానే తొక్క అంచు నుంచి పసుపుపచ్చటి చేదు రసం కారుతుంది, అది చర్మాన్ని రేపుతుంది. మట్టను పావుగంట నిలబెట్టి ఆ రసమంతా కారనిచ్చి, కడిగి, తొక్క పూర్తిగా తీసేసి లోపలి తెల్లటి గుజ్జును మాత్రమే వాడి చూడండి. ముందుగా మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగడం మంచిది.

ఉంగరాలజుట్టు
నేను మగవాణ్ణి, గడ్డం గీసుకునేవాణ్ణి, అయినా బాధ ఒకటే కాబట్టి రాస్తున్నాను. నా వెంట్రుకలు వంకీలు తిరిగి ఉంటాయి. మరీ నున్నగా గీస్తే కొస వంగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుని మెడ నిండా పొక్కులు వచ్చేవి. చర్మాన్ని సాగదీసి ఎదురు గీయడం మానేసి, ట్రిమ్మర్‌తో కొద్దిగా వెంట్రుక మిగిల్చినప్పటి నుంచి చాలావరకు తగ్గాయి. మంగలి షాపులో పటిక రుద్దుతారు గదా, అది గాటు పడిన చోట నెత్తురు ఆపడానికి పనికొస్తుంది గానీ ముఖమంతా రుద్దితే చర్మాన్ని ఎండబెడుతుంది.

పెరటిమందారం
మా అమ్మమ్మ మీగడలో పసుపు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి రాయమనేది. ఖర్చు లేని పని, ప్రయత్నించండి.

రాత్రిడ్యూటీ
పెద్దల మాట కాదంటున్నానని అనుకోకండి గానీ, నిమ్మరసం మాత్రం వద్దండి. అది అంటిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలెక్కి నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోతుంది. నేను చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను, ఇలాంటి ముఖాలను చూశాను. సీతాకోకచిలుక గారూ, నన్ను ఆపింది మీరు రాసిన ‘ఆరు నెలలు’ అన్న మాట. అప్పుడు కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా? మొటిమలకు క్రీము వంటిది?

సీతాకోకచిలుక
అవునండి, డాక్టరు గారు రాసిన అడాపలీన్ జెల్‌ను అప్పటి నుంచే ప్రతి రాత్రీ రాస్తున్నాను. రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు.

రాత్రిడ్యూటీ
సంబంధం ఉంది. అడాపలీన్, ట్రెటినోయిన్ రకం మందులు పై పొరను సున్నితం చేస్తాయి, దాని మీద దారం లాగితే చర్మం గీరుకుపోతుంది. వ్యాక్సింగ్ అయితే పొరే ఊడివస్తుంది. మీ డాక్టరు గారిని అడిగి, త్రెడింగ్‌కు వారం ముందు ఆపి, మంట పూర్తిగా తగ్గాకే మళ్లీ మొదలుపెట్టండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వాడేవారు వాడినంతకాలమూ, ఆపాక ఆరు నెలల వరకూ వ్యాక్సింగ్ జోలికి పోకూడదు. మరొక మాట: మెడికల్ షాపులో అడగగానే చేతిలో పెట్టే, స్టెరాయిడ్ కలిసిన ట్యూబును ముఖానికి రాయకండి. మొదటి రెండు రోజులు ఎరుపు మంత్రించినట్టు పోతుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, నరాలు తేలి, చివరికి ఏ వెంట్రుకలు తీయించుకోవడానికి వెళ్లామో అవే ఇంకా ఎక్కువగా మొలుస్తాయి. పొక్కుల్లో చీము పట్టినా, నొప్పి పెరిగినా డాక్టరుకు చూపించాల్సిందే.

మల్లెచెండు
మచ్చల సంగతి మరిచాను. ఎండలోకి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయకపోతే అవి త్వరగా పోవు. పొక్కులను గిల్లకండి.

సీతాకోకచిలుక
మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. డాక్టరు గారిని అడిగితే జెల్ ఆపమనే చెప్పారు. వారం ముందు ఆపేసి, పెళ్లికి నాలుగు రోజుల ముందు చేయించుకున్నాను. దారం కొసను నోటితో పట్టుకోవద్దని అడిగితే ఆమె ఏమీ అనుకోకుండా మెడకు చుట్టుకుని చేసింది, పౌడరు డబ్బా తెరవలేదు. తడిగుడ్డ తప్ప ఆ రోజు ఇంకేమీ పెట్టలేదు. గడ్డం కింద రెండే పొక్కులు లేచాయి, పెళ్లినాటికి అవీ మాడిపోయాయి. పాత మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి, సన్‌స్క్రీన్ మొదలుపెట్టాను.