కాటి సీనుకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఏం చేయాలి?

నాటకాల పిచ్చి (గుంటూరు):
మాది చిన్న యూట్యూబ్ ఛానెల్. గుంటూరు, తెనాలి వైపు ఆడే పద్యనాటకాలు వీడియో తీసి పెడుతుంటాం. మొన్న హరిశ్చంద్ర కాటి సీను ఎక్కించామో లేదో, క్లెయిమ్ వచ్చి కూర్చుంది. ఎవరో క్యాసెట్ల కంపెనీవాళ్ల పాత రికార్డుతో కలిసిందట. రాగం అదే, హార్మోనియం అదే, కలవక ఏమవుతుంది! పాడింది మాత్రం మా పక్క ఊరి ఆర్టిస్టు. ఇప్పుడు యాడ్స్ డబ్బులు వాళ్లకు పోతున్నాయి. కొత్త చట్టాలు వచ్చాయి, నోరెత్తితే ఛానెలే లేపేస్తారని మా కెమెరా కుర్రాడికి టెన్షన్. ఎవరైనా ఎదురు అడిగి గెలిచారా?

మొగల్రాజపురం స్టూడియో (విజయవాడ):
పెళ్లి వీడియోల వాళ్లం, మాకిది రోజూ ఉండే గోలే. పెళ్లిలో పాటలు వేసుకోవడానికి రాయల్టీ కట్టక్కర్లేదని 2023 జులైలో కేంద్రం నోటీసు ఇచ్చింది. అది వాట్సాప్‌లో తిరిగాక పెళ్లివాళ్లు మా మీద పడ్డారు, “ఫ్రీ అన్నారుగా, మా వీడియోలో సౌండ్ ఎందుకు పోయింది” అని. మండపంలో పాట మోగడం వేరు, అదే పాటతో హైలైట్స్ కట్ చేసి నెట్‌లో పెట్టడం వేరు. ఆ మినహాయింపు మండపం గేటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే నెట్‌లో పెట్టేదానికి లైసెన్సు కొన్న మ్యూజిక్ వేస్తున్నాం. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేదానికి మాత్రం వాళ్లడిగిన సినిమా పాటే.

అరండల్‌పేట ప్లీడరు (గుంటూరు):
స్టూడియో గారూ, పెన్‌డ్రైవ్ సంగతి నేను చదవలేదనుకోండి.

నాటకాల పిచ్చి గారూ, ముందు కంగారు తగ్గించుకోండి. మీకు వచ్చింది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. హక్కుదారు ఫిర్యాదు చేసి వీడియోనే తీయిస్తే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది గానీ, క్లెయిమ్ వచ్చినంత మాత్రాన పోదు. మీకు క్లెయిమ్ వేసిన కంటెంట్ ఐడీ అనేది చట్టమూ కాదు, కొత్తదీ కాదు. శబ్దాలు పోల్చి చూడటానికి 2007 నుంచి యూట్యూబ్ నడుపుతున్న యంత్రం. డిస్ప్యూట్ వేయండి, అంటే ఈ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లోనే రాసి పెట్టండి. అవతలివాళ్లు 30 రోజుల్లో పలక్కపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. క్లెయిమ్ పడ్డ ఐదు రోజుల్లోపు వేస్తే, మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బును తేలేదాకా పక్కన పెడతారు.

ఇక నాటకం సంగతి. మన చట్టంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు. హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు. అంటే 2013తో అయిపోయింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలూ అంతే. ఇద్దరిలో తర్వాత పోయిన చెళ్లపిళ్ల వారిది 1950. ఎవరైనా ఆడుకోవచ్చు, పాడుకోవచ్చు. ఒక్కటి చెప్పండి, మీ కాటి సీనులో జాషువా పద్యాలున్నాయా?

నాటకాల పిచ్చి:
అవి లేకుండా కాటి సీను ఏమిటండీ! వన్స్‌మోర్‌లు పడేదే వాటికి.

అరండల్‌పేట ప్లీడరు:
ఉంది చూశారా తిరకాసు! జాషువా గారు పోయింది 1971లో. ఆ పద్యాల మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. చుట్టూ ఉన్న నాటకం అందరిదీ, మధ్యలో ఆ పద్యాలు మాత్రం కాదు. యంత్రానికి ఇవేమీ తెలియవు, అది చూసేది శబ్దం కలిసిందా లేదా అనే. కాబట్టి క్లెయిమ్ దేని మీదో చూడండి. సౌండ్ రికార్డింగ్ మీదైతే, గొంతు వేరు, రికార్డింగ్ మాది, ఫలానా ఊళ్లో తీశాం అని రాయండి చాలు. జాషువా గారి పద్యాలకు అనుమతి వేరే అడగాలి.

వేషగాడి కొడుకు (తెనాలి):
పోయినవాళ్ల హక్కులు బాగా లెక్కపెట్టారు. బతికున్న మా నాన్న సంగతేంటి? ఆయన హరిశ్చంద్ర వేషం కడతారు. నాటక పరిషత్తు పోటీల్లో స్టేజీ ముందంతా ఫోన్లే. తెల్లారేసరికి ఆయన పద్యం ఎవరెవరి ఛానెళ్లలోనో ఉంటుంది. ఆ రాత్రి ఇచ్చే పారితోషికం తప్ప ఆయన చేతికి రూపాయి రాదు. తీసేముందు ఒక్కడూ అడగడు.

అరండల్‌పేట ప్లీడరు:
అడగాలి. ప్రదర్శకుడి హక్కని చట్టంలోనే ఉంది, 50 ఏళ్లు. 2012 సవరణ తర్వాత ఆ ప్రదర్శనతో వ్యాపారం చేస్తే రాయల్టీకి కూడా అర్హుడు. యూట్యూబ్‌వాళ్లకు నోటీసు ఇస్తే 36 గంటల్లో వీడియో ఆపాలని 2013 నిబంధనలు చెబుతున్నాయి. అయితే 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. ఒక వేషగాడు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేవడమంటే ఏమిటో రోజూ కోర్టులో తిరిగే నాకు తెలుసు. పెద్ద కంపెనీకి ఆ యంత్రం ఉంది, మీ నాన్నగారికి లేదు. నా దృష్టిలో అసలు అన్యాయం అక్కడుంది.

బీసెంట్ రోడ్ బుల్లోడు (విజయవాడ):
మధ్యలో దూరుతున్నా, సారీ. బెనిఫిట్ షోలో హీరో ఎంట్రీ తీసి స్టేటస్ పెట్టుకుంటాం. ఏడు సెకన్లలోపు అయితే పర్లేదంటగా?

మొగల్రాజపురం స్టూడియో:
ఆ ఏడు సెకన్లు ఎవడు పుట్టించాడో గానీ చట్టంలో ఎక్కడా లేదు తమ్ముడూ. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చారు. హాల్లో సినిమాను దొంగ కాపీ తీస్తే, అందులో కొంత భాగమైనా సరే, మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా 3 లక్షలకు తగ్గదు. కొత్త చట్టం అంటే నువ్వు భయపడాల్సింది దానికి. ఫోన్ జేబులో పెట్టుకుని సినిమా చూడు.

నాటకాల పిచ్చి:
డిస్ప్యూట్ వేశాం. క్లెయిమ్ రికార్డింగ్ మీదే. వేషగాడి కొడుకు గారూ, మేం ఆర్టిస్టు పేరూ ఫోన్ నంబరూ వీడియో కింద పెడతాం. అది చూసి ప్రోగ్రాములకు పిలిచినవాళ్లున్నారు.

వేషగాడి కొడుకు:
నంబరు పెట్టడం మంచిదే, కాదనను. వచ్చేదాంట్లో సగం కూడా పెట్టండి.

నాటకాల పిచ్చి:
వచ్చేదెంతో స్క్రీన్‌షాట్ పంపుతా, మీరే చూసి చెప్పండి. సగానికి మాకు అభ్యంతరం లేదు. ప్లీడరు గారూ, ఆర్టిస్టుల దగ్గర సంతకం తీసుకోవడానికి తెలుగులో ఒక పేజీ రాసిస్తారా?

అరండల్‌పేట ప్లీడరు:
ఆదివారం రాసి ఇక్కడే పెడతా. సగాలు పంచేముందు ఒక మాట, హార్మోనిస్టు కూడా ప్రదర్శకుడే. ఆయన సంతకమూ కావాలి, ఆయన వాటా కూడా లెక్కేసుకోండి.