హెడ్ గాస్కెట్ మార్చాక మారుతి 800 స్టార్ట్ కావడం లేదు, ప్లగ్గుల్లో నిప్పు మాత్రం వస్తోంది

ఖమ్మం_800:
అందరికీ నమస్కారం. మాది 1998 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. నాన్నగారు కొన్నది, అమ్మే ఆలోచన లేదు. రేడియేటర్లో నీళ్లు తరచూ తగ్గిపోవడం, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ రావడంతో హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే పొర) పోయిందని తేలింది. ఇంటి దగ్గరే హెడ్ దించి, లేత్ షెడ్డులో దాని అడుగు చదును చేయించి, కొత్త గాస్కెట్, కొత్త టైమింగ్ బెల్టు వేశాను. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతుల వారీగా నిప్పు పంచేది) కూడా విప్పి మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ చురుగ్గా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. అప్పుడప్పుడు కార్బురేటర్లో ‘ఫట్’మని పేలి, పెట్రోలు ఆవిరి పైకి తన్నుతోంది. మూడు ప్లగ్గులూ పెట్రోలుతో తడిసి ఉన్నాయి. ఇంజన్‌కు ఆనించి చూస్తే నీలిరంగు నిప్పు వస్తోంది. క్రాంక్ పుల్లీ గుర్తు సున్నా మీదకు తెచ్చి చూస్తే రోటర్ (డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తిరిగే ముల్లు) ఒకటో ప్లగ్గు తీగ వైపే ఉంది. బెల్టు గుర్తులూ సరిపోయాయి. తర్వాత ఏమి చూడాలి?

గోదావరి_గట్టు:
ప్లగ్గులు తడిశాయంటే నిప్పు బలహీనంగా ఉన్నట్టే. బయట వచ్చినా లోపల ఒత్తిడిలో రాదు. కాయిల్ (ప్లగ్గులకు హై వోల్టేజి ఇచ్చేది), ప్లగ్గులు కొత్తవి వేసి చూడండి.

అంబాసిడర్_అభిమాని:
కార్బురేటర్లోకి తన్నుతోందంటే డిస్ట్రిబ్యూటర్ అర చుట్టు తేడాగా కూర్చుంది. మా బండికి ఇలాగే అయితే విప్పకుండానే మూతమీది తీగలు ఒకటీ నాలుగూ, రెండూ మూడూ మార్చేశాం. వెంటనే అందుకుంది. మీరూ తీగలు మార్చి చూడండి.

ఆటోనగర్_మేస్త్రి:
బాబూ, ముందు ఆ సెల్ఫ్ కొట్టడం ఆపండి. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కింద ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూత లేకుండా అసలే కొట్టకండి. వెనక్కి తన్నిన మంటను అడ్డుకునేది అదే. నిప్పు చూసేటప్పుడు ప్లగ్గు రంధ్రాలకు దూరంగా పట్టుకోండి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది.

కాయిల్ కొనవద్దు. హెడ్ విప్పక ముందు ఈ బండి ఇదే కాయిల్‌తో నడిచింది కదా. ఇంట్లో పనిచేశాక ఆగిన బండికి సామాను కొనే ముందు మన చెయ్యి ఎక్కడెక్కడ పడిందో అక్కడ వెతకాలి. సెల్ఫ్ చురుగ్గా తిప్పుతోంది కాబట్టి బ్యాటరీ, ఎర్త్ తీగ బాగున్నాయి. ప్లగ్గులు తడిశాయి కాబట్టి పెట్రోలు వస్తోంది. ఇక మిగిలినవి రెండే: నిప్పు వేళకు పడుతోందా, సిలిండర్లో ఒత్తిడి ఉందా.

అంబాసిడర్ మిత్రుడు రోగం సరిగానే పట్టారు, మందు మాత్రం ఈ బండికి పనికిరాదు. నాలుగు సిలిండర్ల మూతలో ఒక్కో తీగకు మధ్య 90 డిగ్రీలు. అర చుట్టు తేడా వస్తే రోటర్ ఎదురుగా మరో తీగ ఉంటుంది, మార్చుకుంటే సరిపోతుంది. 800కు మూడే సిలిండర్లు, తీగల మధ్య 120 డిగ్రీలు. ఒకటో తీగకు సరిగ్గా ఎదుటి వైపు తీగే ఉండదు, రెంటికి మధ్య ఖాళీ ఉంటుంది. మీ ఫైరింగ్ వరస (సిలిండర్లలో నిప్పు పడే క్రమం) 1-3-2. దాన్ని ఎలా తిప్పినా కుదరదు. డిస్ట్రిబ్యూటర్ విప్పి మళ్లీ పెట్టాల్సిందే.

ఇక మీ గుర్తుల సంగతి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్, డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు తిరుగుతాయి. అంటే పుల్లీ గుర్తు సున్నా మీదకు (ఒకటో పిస్టన్ పైకొసకు చేరే చోటు) రెండుసార్లు వస్తుంది. ఒకసారి ఒకటో సిలిండర్లో గాలి నొక్కుకుని ఉంటుంది, ఇంకోసారి పొగ బయటికి పోయే వేళ. రెండో వేళకు రోటర్‌ను కుదిర్చితే నిప్పు ఇన్లెట్ వాల్వు తెరుచుకునే క్షణంలో పడుతుంది, కార్బురేటర్లోకి పేలేది అందుకే. టైమింగ్ లైటు (నిప్పు పడే వేళను చూపే దీపం) పెట్టినా పట్టుబడదు, గుర్తు సరిగ్గానే ఉన్నట్టు చూపిస్తుంది.

మూడు ప్లగ్గులూ విప్పండి, గేరు న్యూట్రల్లో ఉంచండి, కాయిల్ తీగ ఊడదీసి పక్కన పెట్టండి. ఒకటో రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, క్రాంక్ బోల్టుకు పానా వేసి మెల్లగా తిప్పమనండి. గాలి వేలిని తన్నేసిన తర్వాత సున్నా మీదకు వచ్చేదే అసలు వేళ. రాకర్ మూత తీసి చూస్తే ఇంకా నమ్మకం. అప్పుడు ఒకటో సిలిండర్ రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) రెండూ వదులుగా ఉండి, చేత్తో కదిపితే కొద్దిగా కదులుతాయి. ఆ వేళ రోటర్ ఎటు చూస్తోందో రాయండి.

ఖమ్మం_800:
మేస్త్రి గారూ, చెప్పినట్టే చేశాను. మా తమ్ముడు పానా తిప్పాడు, నేను వేలు పెట్టాను. మొదటిసారి సున్నా వచ్చినప్పుడు వేలి కింద ఏమీ తెలియలేదు. రెండోసారి గాలి ‘పుస్’మని వేలిని లేపేసింది. అప్పుడు మూత తీసి చూస్తే రోటర్ రెండో, మూడో తీగల మధ్య ఖాళీలోకి చూస్తోంది.

డిస్ట్రిబ్యూటర్ పైకి లాగి, పళ్లు దిగేటప్పుడు షాఫ్ట్ కాస్త తిరుగుతుందని గమనించి, అంత ముందుగానే తిప్పి దించాను. ప్లగ్గులు ఆరబెట్టి వేసి కొడితే అందుకుంది. కానీ ఐడిల్‌లో కొట్టుకుంటూ నడుస్తోంది.

ఆటోనగర్_మేస్త్రి:
సంతోషం బాబూ. ఇప్పుడు టైమింగ్ లైటు పెట్టి డిగ్రీ సరిచేయండి, ఇప్పుడైతే అది నిజమే చెబుతుంది. అయినా కొట్టుకుంటే కంప్రెషన్ గేజి (సిలిండర్ ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి చూడండి. మూడూ దాదాపు సమానంగా రావాలి. పక్కపక్క రెండూ తగ్గితే గాస్కెట్ ఆ మధ్యలో సరిగా అతకలేదని అర్థం. ఒక్కటే తగ్గితే ముందు దాని టాపెట్ బిగువు (రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు) చూడండి, తర్వాత ఆ సిలిండర్లో ఒక చిన్న చెంచా ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. పెరిగితే లోపం పిస్టన్ రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గర.

డిప్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆయిల్, ఫిల్టరు మార్చాకే బండి రోడ్డెక్కించండి. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, అప్పుడు ఇంజన్ మొత్తం దించాలి.

ఖమ్మం_800:
వాసన గట్టిగానే ఉంది. ఇవాళే ఆయిల్ మారుస్తాను, గేజి దొరకగానే మూడు అంకెలూ ఇక్కడ రాస్తాను.