ఏడాదిన్నర పాపతో కరీబియన్ క్రూజ్: పాలు, పెరుగన్నం ఎలా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. డిసెంబర్ సెలవుల్లో గాల్వెస్టన్ రేవు నుంచి కొజుమెల్ (మెక్సికో), రొవాటాన్ (హోండురాస్) దీవులకి వెళ్లొచ్చే వారం రోజుల క్రూజ్ బుక్ చేశాం. హరికేన్ సీజన్ నవంబర్ 30తో ముగుస్తుంది కాబట్టి ఆ బెంగ పెద్దగా లేదు. నాలుగేళ్ల బాబుకి కిడ్స్ క్లబ్ ఉంది. నా టెన్షన్ అంతా ఏడాదిన్నర పాప గురించే.

అర్ధరాత్రి లేచి గోరువెచ్చని పాలు అడుగుతుంది. చల్లటివి ఇస్తే నోట్లో పెట్టుకుని, మూతి ముడిచి, సీసా విసిరికొడుతుంది. గదిలోకి కెటిల్, రైస్ కుక్కర్ లాంటివి తేనివ్వరు. మరి ఆ వేళప్పుడు వేడినీళ్లు ఎలా? రూమ్ సర్వీస్ వాళ్లు త్వరగా తెస్తారా, లేక పడుకునేముందే ఫ్లాస్కులో నింపుకోవడం మేలా? ఇంట్లో వండినవీ ఎక్కించనివ్వరట. మెత్తటి అన్నం, కారం లేని పప్పు, పెరుగు ఉంటే దానికి చాలు. ముందురోజు చెబితే డైనింగ్ హాల్లో మీకెవరికైనా చేసిపెట్టారా? తియ్యగా లేని మామూలు పెరుగు దొరుకుతుందా?

స్విమ్ డైపర్ వేసినా ఓడ మీద పెద్ద పూల్‌లోకి దిగనివ్వరు కాబట్టి, నీళ్లాటంతా బీచ్‌లోనే. కొజుమెల్ పడమటి తీరంలో అలలు తక్కువ. అటువైపు రేవుకి దగ్గర్లో, మంచి నీడ ఉన్న చోటు చెప్పగలరా? టాక్సీలో కార్ సీట్ ఉంటుందా, మనమే మోసుకెళ్లాలా?

పసిపిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు ఒక్క విషయం చెప్పినా చాలండీ.