పాత ఆసిలోస్కోప్‌లో కెపాసిటర్లన్నీ మార్చేయాలా, పోయినవి మాత్రమే మార్చాలా?

గోపాలపట్నం_కొత్తవాడు
వేలంలో టెక్ట్రానిక్స్ 465 స్కోప్ (వోల్టేజి మార్పును తెర మీద గీతగా చూపే పరికరం) ఒకటి దొరికింది. 1972లో మొదలైన మోడల్, రెండు ఛానెళ్లు, 100 మెగాహెర్ట్జ్. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడి ఉన్న సెట్టు. ఇంకా ప్లగ్గు పెట్టలేదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేశాకే కరెంటు ఇమ్మని ఒక మెకానిక్ గారు అన్నారు. ఇంకొకరేమో అస్సలు ముట్టుకోవద్దంటున్నారు. మన విశాఖలో ఇలాంటివి బాగుచేసిన పెద్దలు చెప్పండి.

డాబాగార్డెన్స్_బెంచి
అన్నీ మార్చేయండి తమ్ముడూ. ఎలక్ట్రోలైటిక్ అన్నాక లోపలి ద్రవం ఎండక తప్పదు. వాడకుండా పడి ఉన్నదానికి లోపలి ఆక్సైడ్ పొర కూడా బలహీనపడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి తగిలితే షార్టవుతుంది. ఫ్యూజు సరైనది కాకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. కెపాసిటర్ ఎక్కడైనా దొరుకుతుంది గానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ తెస్తారు? 105 డిగ్రీల రేటింగువి మంచివి తెచ్చి ఒకే విడతలో పని ముగించుకోండి.

లాసన్స్‌బే_మాస్టారు
బెంచి గారూ, ట్రాన్స్‌ఫార్మర్ గురించి మీ భయం న్యాయమైనదే. మందు మాత్రం అది కాదు. ఏం చెడిందో తెలియకుండా బోర్డు నిండా సోల్డర్ ఊడదీస్తే పాత ట్రాక్‌లు లేచిపోతాయి. అన్నీ మార్చాక కూడా సెట్టు పనిచేయకపోతే అది పాత జబ్బో, మన చేత్తో వచ్చిన కొత్త జబ్బో ఎలా తేల్చుకుంటాం? పైగా బజారులో పేరున్న బ్రాండ్ల నకిలీలు బోలెడు. బాగున్నదాన్ని తీసి నకిలీది పెట్టుకుంటామా?

బాబూ, ముందుగా సర్వీస్ మాన్యువల్ దింపుకో, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. తర్వాత సెట్టు వెనక వోల్టేజి స్విచ్చి చూడు. అమెరికా నుంచి వచ్చిన సెట్లు 115 మీదే ఉంటాయి. దాన్ని 230కి మార్చాక ఫ్యూజు కూడా 115కి వేసేదానిలో సగం ఆంపియర్లది వేయాలి. ఆ తర్వాత కరెంటు ఇవ్వకుండానే మల్టీమీటర్‌తో సప్లై లైన్లు కొలువు: మైనస్ 8, ప్లస్ 5, 15, 55, 110. ఏదైనా లైను చాసిస్‌కి (లోహపు చట్రానికి) షార్టు చూపిస్తే నేను మొదట అనుమానించేది పెద్ద క్యాన్లను, అంటే డబ్బాల్లాంటి ఎలక్ట్రోలైటిక్‌లను కాదు, బోర్డుల మీది చిన్న టాంటలం కెపాసిటర్లను. ఈ తరం సెట్లలో అవి షార్టవడం మామూలు.

షార్టు లేకపోతే సిరీస్ బల్బు మీద పెట్టు, అంటే సెట్టుకి వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటే ఆపేయాలి. అయితే బల్బు ఉండగా వోల్టేజీలు సరిగా రావు, దాంతో సెట్టు చెడిందని తీర్మానించకు. బల్బు తీసేశాక రిపుల్, అంటే డీసీ మీద మిగిలిన అలలు, కొలువు. ఏ లైనుకి ఎంత రిపుల్ ఉండొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది. అది దాటిన లైనులోనే క్యాను మార్చు.

మన ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. 465లో చాలా ట్రాన్సిస్టర్లు సాకెట్లలో ఉంటాయి. సముద్రం దగ్గర ఆ కాళ్లకు, కనెక్టర్లకు పట్టే తుప్పు వల్ల తెర మీది గీత (ట్రేస్) వస్తూ పోతూ ఉంటుంది. సెట్టు ఆపి, ఒక్కో ట్రాన్సిస్టర్‌నూ తీసి, తుడిచి, ఏ దిక్కున ఉన్నది ఆ దిక్కునే మళ్లీ గుచ్చితే చాలాసార్లు అంతటితో సరి. వోల్ట్స్-డివిజన్ స్విచ్చి కాంటాక్టులకు బంగారు పూత ఉంటుంది. వాటికి గరుకు కాగితం తగలనివ్వొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన కాగితపు ముక్క చాలు.

పెందుర్తి_టీవీబెంచి
ఇద్దరూ కెపాసిటర్ల దగ్గరే ఉన్నారు. ఆ పిల్లాడి ప్రాణం సంగతేమిటి? పిక్చర్ ట్యూబు కాథోడ్ దగ్గర మైనస్ 2,450 వోల్టులు, ముందు వైపు ఇంకా ఎన్నో వేలు. ప్లగ్గు తీశాక కూడా చార్జి నిలిచి ఉంటుంది. ఒక చెయ్యి వెనక పెట్టుకుని కొలవాలి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే తెరవాలి. స్కోప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్లను చూశాను, వాళ్ల మాట వినొద్దు. ఎర్త్ లేనప్పుడు ప్రోబు ఎర్త్ క్లిప్పు పొరపాటున లైవ్‌కి తగిలితే బాడీ మొత్తం 230 వోల్టులవుతుంది.

ఎంవీపీ_మీటర్లు
"పోయేదాకా ముట్టుకోవద్దు" అన్నది అన్ని పరికరాలకీ సరిపడదని కూడా రాయాలి. హెచ్‌పీ 3478ఏ మల్టీమీటర్ తీసుకోండి. దాని కాలిబ్రేషన్ (కొలతలను సరిచేసే అంకెలు) అంతా ఒక చిన్న మెమరీలో ఉంటుంది, దాన్ని నిలిపేది బోర్డుకి సోల్డర్ చేసిన 3 వోల్టుల లిథియం సెల్లు. సెల్లు చచ్చిందా, అంకెలన్నీ పోతాయి. అక్కడ చెడకముందే మార్చాలి, అదీ బయటి నుంచి 3 వోల్టులు అందిస్తూ.

లాసన్స్‌బే_మాస్టారు
ఒప్పుకుంటాను. మెయిన్స్ మీద ఉండే పాత రీఫా కంపెనీ కాగితం కెపాసిటర్లు కూడా అంతే. పై పొర చిట్లి తేమ పీలుస్తాయి, ఒకరోజు పొగ వదులుతాయి. కనిపిస్తే కొలవక్కర్లేదు, తీసేయడమే.

గోపాలపట్నం_కొత్తవాడు
అందరికీ దండాలు. వెనక స్విచ్చి నిజంగానే 115 మీద ఉంది, మార్చాను. ప్లస్ 15 లైను షార్టు చూపించింది. బెంచి సప్లై నుంచి ఒక వోల్టు, అర ఆంపియర్‌కి మించకుండా ఇచ్చి, ట్రాక్ వెంట మిల్లీవోల్టులు చూసుకుంటూ వెళ్లాను. అంకె అన్నిటికంటే తగ్గిన చోట టాంటలం ఉంది. ఒక కాలు లేపగానే షార్టు పోయింది. కొత్తది వేశాక రెండు ఛానెళ్లకీ గీత వచ్చింది! ప్లస్ 55 లైనులో మాత్రం రిపుల్ మాన్యువల్ లెక్క దాటింది.

డాబాగార్డెన్స్_బెంచి
సంతోషం తమ్ముడూ. కానీ చూశారా, ఒక క్యాను అయిపోయింది. మిగతా నాలుగూ అదే వయసువి, అదే గోడౌన్‌లో ఉన్నవి. ఎలాగూ తెరిచారు, కలిపి మార్చేయండి. క్యాన్ల విషయంలో నా మాట ఇదే.

లాసన్స్‌బే_మాస్టారు
55 లైనుది మార్చు. మిగతా నాలుగు లైన్ల రిపుల్ ఇవాళ ఎంతుందో పుస్తకంలో రాసి పెట్టుకో. వానలు వెళ్లాక మళ్లీ కొలువు. ఏ అంకె పెరుగుతున్నా ఇక్కడ పెట్టు, ఆ క్యాను గురించి అప్పుడు బెంచి గారి మాటే వింటాను.