టెండన్ అతుక్కోకుండా జీన్ థెరపీ: ఎవరైనా చేయించుకున్నారా?

కూకట్‌పల్లి కుర్రాడు:
సంక్రాంతికి చైనా మాంజా తగిలి చూపుడు వేలి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తెగింది. ఆపరేషన్ చేసి కుట్టారు. నెలలు గడిచినా వేలు పూర్తిగా ముడుచుకోవట్లేదు. టెండన్ దాని తొడుగుకి అతుక్కుపోయి ఉంటుందని డాక్టర్ గారు అంటున్నారు. అలా అతుక్కోకుండా చేసే జీన్ థెరపీ, అంటే జన్యువులతో చేసే చికిత్స, ఉందని చదివాను. మన దగ్గర చేస్తున్నారా? చాలా టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ అక్క:
తమ్ముడూ, పరిశోధన నిజమే. కానీ అది ఇంకా కోళ్లు, ఎలుకల దగ్గరే ఉంది. కోడి కాలివేలి టెండన్ కూడా మన చేతివేలి టెండన్‌లాగే తొడుగులో జారుతుంది, అందుకే కోళ్లు. చైనాలోని నాన్‌టాంగ్‌లో టాంగ్ జిన్ బో బృందం జన్యువుని మోసుకెళ్లే ఏఏవీ2 అనే వైరస్‌లో జన్యువు పెట్టి, తెగిన కొసల్లోకి ఎక్కించింది. బీఎఫ్‌జీఎఫ్ అనే, కణాల పెరుగుదలకి తోడ్పడే ప్రోటీన్ జన్యువుతో అతుకు బాగా గట్టిపడింది.

అతుక్కోవడాన్ని ఆపడానికి వేరే దారి పట్టారు. మచ్చ పెరగడానికి ముఖ్య కారణమైన టీజీఎఫ్-బీటా1 అనే ప్రోటీన్‌ను మైక్రో ఆర్‌ఎన్‌ఏతో (జన్యువు పనిని అణచే చిన్న అణువు) తగ్గించారు. అతుక్కోవడం తగ్గింది, దాంతోపాటు టెండన్ బలమూ తగ్గింది. అసలు చిక్కు ఇదే: గాయం మానడానికీ ఆ ప్రోటీనే కావాలి.

తెనాలి మేస్త్రి:
నాకు టైల్స్ కోసే మిషన్ తగిలింది. కుట్టాక నొప్పికి భయపడి వేలు కదపలేదు, బిగుసుకుపోయింది. తర్వాత టెనోలిసిస్ చేశారు, అంటే అతుకులు విడదీసే ఆపరేషన్. చేతికి మాత్రమే మత్తిచ్చి, మధ్యలో "వేలు మడవండి" అని నాతోనే మడిపించి చూశారు. వెంటనే ఫిజియో మొదలుపెట్టారు. నొప్పి భరించలేనంత, అయినా వదల్లేదు. ఇప్పుడు తాపీ పట్టుకుంటున్నాను.

కూకట్‌పల్లి కుర్రాడు:
ఒకచోట జీన్ ఇంజెక్షన్ ఇస్తామన్నారండీ. డబ్బు ముందే కట్టాలట.

ల్యాబ్ అక్క:
కట్టకు! జీన్ థెరపీకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నిజమైన ట్రయల్ (మనుషుల మీద చేసే పరీక్ష) అయితే సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదై ఉండాలి. ఆ నంబర్ అడుగు. ట్రయల్‌లో మందుకి డబ్బు తీసుకోరు.

బెజవాడ ఫిజియో:
బాబూ, ముందు ఒకటి చెప్పు. రెండో చేత్తో మడిస్తే ఆ వేలు పూర్తిగా ముడుచుకుంటోందా? ముడుచుకుంటూ, దానంతటది మాత్రం ముడుచుకోకపోతే టెండన్ అతుక్కుని ఉండొచ్చు, లేదా కుట్టు ఊడి ఉండొచ్చు. అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. రెండో చేత్తోనూ ముడుచుకోకపోతే కీలు కూడా బిగిసినట్టే, ముందు దాన్ని వదులు చేయాలి. టెనోలిసిస్ గురించి మామూలుగా మూడు నుంచి ఆరు నెలల ఫిజియో తర్వాతే ఆలోచిస్తారు.

కూకట్‌పల్లి కుర్రాడు:
రెండో చేత్తో మడిస్తే వస్తోందండీ. అల్ట్రాసౌండ్ ఇంకా తీయలేదు.

బెజవాడ ఫిజియో:
అయితే ఈ వారమే మీ సర్జన్‌ని అడిగి తీయించు. రిపోర్ట్ వచ్చేదాకా బలంగా గుంజొద్దు, బరువులు ఎత్తొద్దు.