లింకన్ తన లా పార్ట్‌నర్‌కు రాసిన ఉత్తరాల్లో లెక్కలేవి?

ప్రశ్న:
ఖాతా పుస్తకాలు చూడటం నా వృత్తి. భాగస్వాముల ఉత్తరం కనబడితే కళ్లు ముందు అంకెల కోసమే వెతుకుతాయి. 1848లో కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్‌లో ఉన్న లింకన్, ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తమ ఆఫీసు చూసుకుంటున్న విలియం హెర్న్‌డన్‌కు రాసిన ఉత్తరాలు చదువుతున్నాను. జనవరి 8 నాటి దానిలో వ్యాపారం ఒకటే వాక్యం: అక్కడి తన చిన్న పనుల కోసం శ్రమ పడుతున్నందుకు కృతజ్ఞతలు. ఆపైన సభలో మాట్లాడిన సంగతి, మళ్లీ పోటీ చేయాలా వద్దా అన్న ఆలోచన. వసూళ్ల ఊసే లేదు. భాగస్వామికి రాసే ఉత్తరం ఇలాగేనా ఉండేది?

సమాధానం 1:
ఫీజులు చెరి సగం అన్నది వాళ్ల ఒప్పందం. పేచీ లేని చోట కాగితం ఎందుకు ఖర్చు పెడతారండీ? అయినా పడమటి రాష్ట్రాల ఊళ్లలో కక్షిదారు, జ్యూరీలో కూర్చునేవాడు, ఓటరు చాలాసార్లు ఒకే మనిషి. లింకన్ మొదటి భాగస్వామి స్టూవర్ట్ 1839లో కాంగ్రెస్‌కు వెళితే ఆఫీసు కాసింది లింకనే. రెండో భాగస్వామి లోగన్, 1848 ఆగస్టులో లింకన్ వదిలిన సీటుకే నిలబడి ఓడిపోయాడు. అందరూ విగ్ అనే అప్పటి రాజకీయ పార్టీవాళ్లే. ఊళ్లో గాలి ఎటు వీస్తోందో చెప్పడం కూడా హెర్న్‌డన్ పనిలో భాగమే.

సమాధానం 2:
ఫిబ్రవరి 1 నాటి ఉత్తరం చూశారా? హెర్న్‌డన్ జనవరి 19న రాసినది తనకు నిన్న రాత్రి అందిందంటాడు. అంటే పన్నెండు రోజులు. అప్పట్లో 300 మైళ్లు దాటితే అర ఔన్సు ఉత్తరానికి 10 సెంట్లు. కాంగ్రెస్ సభ్యుడు కవరు మీద సంతకం చేస్తే చాలు, అదీ ఉండదు. పొదుపు కోసం మాట తగ్గించుకోవలసిన అవసరం లింకన్‌కు లేదు.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. గొడవంతా అందులోనే ఉంది. మెక్సికో యుద్ధాన్ని అప్పటి అధ్యక్షుడు అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టాడంటూ సభ తీర్మానానికి వచ్చిన ఆష్మన్ సవరణకు లింకన్ ఓటు వేశాడు. అది 85–81తో నెగ్గింది. హెర్న్‌డన్‌కు అది మింగుడు పడలేదు. నా అనుభవంలో ఇంతకంటే చిన్న మాటకే కంపెనీలు విడిపోయాయి.

సమాధానం 1:
ఇక్కడ విడిపోలేదు. పెద్దవాడైన లింకన్ ఓపిగ్గా వాదించాడు. ఫిబ్రవరి 15న మళ్లీ రాశాడు: దాడిని ఆపడానికి అవసరమని అనుకున్నప్పుడల్లా పొరుగు దేశం మీదికి వెళ్లే హక్కు అధ్యక్షుడికి ఇస్తే, ఇక అతనికి హద్దేముంటుందని. ఓటు మాత్రం సమర్థించుకున్నాడు, ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. జులై 10 ఉత్తరం కూడా చదవండి. ముసలివాళ్లు కుర్రాళ్లను ఎదగనివ్వడం లేదని హెర్న్‌డన్ అనుమానపడితే, నేనూ ఇప్పుడు ముసలివాళ్లలో ఒకణ్నేమో అని లింకన్ నొచ్చుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చదివాను. లెక్కలు చూసే బుద్ధి పోదు కదా, 1809 నుంచి కూడి చూశాను. ఆయనకు అప్పుడు 39. నాకు 52.